మీకిక్కడ తెలిసినవాళ్లెవరు?

మా పెదనాన్నకి చావు లేదు. యముడు స్వయంగా మెయిల్ పెట్టినా "మీకిక్కడ తెలిసినవాళ్లెవరు?" అని అడిగి తిప్పి పంపేస్తాడు. నేను డిగ్రీ మధ్యలో వదిలేసినవాణ్ణే గానీ, ఈ మాత్రం పరిశోధన చెయ్యగలను.

వినికిడి మిషన్లు బాగుచేసే కంపెనీలో కంప్యూటర్లన్నీ ఆయన చేతిలో ఉంటాయి. అక్కడికొచ్చే మెయిళ్లలో లాటరీలూ బట్టతల మందులూ పోగా మిగిలేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకని పంతం పట్టి ఓ జల్లెడ తయారుచేశాడు. ఆఫీసులో ఎవరికైనా తెలిసినవాడి మెయిల్ నేరుగా లోపలికొస్తుంది. తెలిసినవాడికి తెలిసినవాడైతే కాస్త మర్యాద దక్కుతుంది. చెత్త పంపితే వాడికీ, వాణ్ణి పరిచయం చేసినవాడికీ మార్కులు కోత. ఎవరికీ తెలియనివాడి మెయిల్ స్పామ్ అనే చెత్తబుట్టలోకి.

ఆ జల్లెడ చివరికి ఆయన బుర్రకెక్కింది. ఓసారి ఇంట్లో కుళాయి ఊడిపోయి నీళ్లు మంచమెక్కుతుంటే ప్లంబర్ పరుగెత్తుకొచ్చాడు. పెదనాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మీరెవరికి తెలుసు?"

"పక్కింటివాళ్లకండీ."

"వాళ్లే నాకు అంతంతమాత్రం తెలుసు."

మోకాలిలోతు నీళ్లలోంచి పెద్దమ్మ అంది: "ఆయన నాకు తెలుసు. నేను మీకు తెలుసా, నాక్కూడా మార్కులు చూడాలా?"

పెదనాన్న ఓ క్షణం ఆలోచించాడు. ఆ క్షణానికి గాను ఆవిడ వారం మాట్లాడలేదు.

బాగైన మిషన్లు ఇళ్లకి చేర్చే పని నాది. ఊళ్లో నన్నెరగని గుమ్మం లేదు. అయినా నా మెయిల్ ఒక్కటీ లోపలికి పోదు.

"సొంత తమ్ముడి కొడుకుని, పెదనాన్నా."

"చుట్టరికం వేరు. 'పదిమందికి పంపకపోతే నష్టం' అని ఆఫీసంతా పంపావు. నీ మార్కులు రెండు."

"వందకా?"

"వెయ్యికి."

ఆయనకి ఇంకో జబ్బుంది. మధ్యాహ్నం తలుపేసుకుని గంటల తరబడి భోంచేస్తాడు. క్యారియర్ మాత్రం సగం నిండుగానే ఇంటికెళ్తుంది. తన వంట బాగోలేదేమోనని పెద్దమ్మకి దిగులు.

మొన్న పొద్దున్న యజమాని వచ్చి, "ఆ స్పామంతా దానంతటదే చెరిగిపోయేలా పెట్టెయ్యండి" అన్నారు.

"కుదరదండి."

"ఎందుకు?"

"కుదరదు."

ఉద్యోగం ఊడుతుందన్నా అదే జవాబు.

అదే రోజు మధ్యాహ్నం ఓ బస్సు డ్రైవర్ కౌంటర్ దగ్గరికొచ్చాడు. చెవి మిషన్ పాడైంది, మర్నాడే డిపోలో చెవుల పరీక్ష. తప్పితే బస్సు చేతికివ్వరు. ఊరికి కొత్త, ఒక్కరూ తెలియదు. కనిపించిన కంపెనీకల్లా మెయిల్ పెట్టుకుంటే మా దగ్గర్నుంచే జవాబొచ్చిందట. ఫోన్ తీసి చూపించాడు: 'ఇవాళే తీసుకురండి. తెలిసినవాళ్లెవరని అడిగితే నా పేరు చెప్పండి.' కింద మా పెదనాన్న సంతకం.

మా మెకానిక్ అమ్మాయి చేతిలో పని పక్కనపెట్టి అప్పటికప్పుడు బాగుచేసింది. డ్రైవర్ మిషన్ తగిలించుకుని, నేను గొణిగిన జోకుకి నవ్వాడు. యజమాని అంతా చూశారు. చెరిపే మాట మళ్లీ ఎత్తలేదు.

నేను తలుపు తోసి లోపలికెళ్లాను. పెదనాన్న ముందు క్యారియర్ చల్లారిపోయి ఉంది. కంప్యూటర్ నిండా బట్టతల మందులు.

"యముణ్ణే తిప్పి పంపేవాడివి, ఆ డ్రైవర్ని ఎలా రానిచ్చావు?" అన్నాను.

ఆయన తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"నేనెవర్నీ తిప్పి పంపను. పక్కన పెడతాను. భోజనం దగ్గర అన్నీ చదువుతాను. నీవి కూడా."