మనసులో కాదు, గాబరా గుండెలో

మా పక్కింటి ఉప్పలయ్య నాచారంలో ప్లాస్టిక్ బకెట్ల కంపెనీలో పనిచేసేవాడు. ఆయన షిఫ్టులో పని సగం, నవ్వులు సగం. అలాంటి మనిషికి రెండువేల ఏడులో, ఎవరూ లేనిచోట మాటలు వినబడటం మొదలైంది. భార్య వెంకటనర్సమ్మ ముందు మౌలాలి దర్గాలో తాయెత్తు కట్టించింది, తర్వాత హబ్సిగూడలో మానసిక వైద్యురాలు త్రిపురసుందరికి చూపించింది. మాత్రలతో మాటలు ఆగాయి. ఇక ఉప్పలయ్యకు ఆ మాత్రలే దేవుళ్లు.

కొన్నాళ్లకు, గాబరా అవుతున్నదని డాక్టరమ్మకు చెప్పాడు. ఆమెది కాకినాడ. వాళ్లకు గాబరా అంటే కంగారు. మాకు గుండెదడ కూడా గాబరానే. దేనికి కంగారని ఆమె అడిగింది. అంత పెద్ద డాక్టరమ్మ అడిగితే ఏమీ లేదనడం మర్యాద కాదని, కూతురి లెక్కల పరీక్ష గురించని చెప్పేశాడు. ఆ పిల్ల సంతోషికి లెక్కలంటే ప్రాణం. డాక్టరమ్మ ఆ మాత్రల డోసే పెంచింది. ఈ మర్యాదలు తగలెయ్య, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గాబరా ఇంకా పెరిగింది. ఒకరోజు ఉప్పల్లో బస్సెక్కబోతూ కళ్లు తిరిగి పడిపోయాడు. కండక్టరేమో తాగాడనుకున్నాడు. వెంట ఉన్న వెంకటనర్సమ్మ ఆయనను ఆటోలో వేసుకుని నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయి, మొగుడి రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించింది.

"గాబరా మనసుల గాదు మేడమ్, గీడ."

డాక్టరమ్మ తెల్లబోయింది. వెంటనే ఈసీజీ తీయించింది. మాత్ర వల్ల గుండె లయ తప్పిందట. ఇలాగే సాగితే ఉన్నట్టుండి ఆగిపోయేదట. పొరపాటు తనదేనని ఒప్పుకుని, ఆస్పత్రిలో చేర్పించి మందు మార్చింది.

గుండె కుదుటపడింది. కానీ కొత్త మందు పనిచేయక ఆ మాటలు మళ్లీ వస్తే? ఉప్పలయ్య ఊరికే గోడ వైపు చూసినా వెంకటనర్సమ్మకు పై ప్రాణాలు పైనే పోయేవి. ఒక మధ్యాహ్నం ఆయన తల పక్కకు వంచి ఏదో వింటున్నట్టు కూర్చున్నాడు. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏమన్నా వినబడుతున్నదా అని మెల్లగా అడిగింది.

"ఇనవడ్తున్నది. పొద్దుగాల్నుంచి నీ గొంతే," అన్నాడు ఉప్పలయ్య. "దానికి మందు లేదన్నది డాక్టరమ్మ."

వెంకటనర్సమ్మ ఆయనను నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూనే మా ఇంటికి వచ్చి, గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

"నా మొగడు నాకు దొరికిండక్కా," అంది.