బుధవారం టేపు

నేను ఆరో తరగతి దాటి చదవలేదు. అదీ ఉన్నిచ్చే లామా జీవాల మంద వెనక తిరుగుతూ, పూనా అనే మా చలి పీఠభూమి మీది ఒంటిగది బడిలో. అయినా ముప్పై ఒక్కేళ్లు పట్నంలో జనన నమోదు ఆఫీసు పెద్ద కంప్యూటర్ దగ్గర టేపులు కాచాను. పదకొండు వేల టేపులకు నా చేత్తో చీటీలు అంటించాను, ఒక్కటీ దారి తప్పలేదు. తొమ్మిది మంది ఇంజనీర్లు వచ్చిపోయారు. నికనోర్ యాపూరా అన్న నా పేరు ఆ ఆఫీసులో ఇప్పటికీ తెలియనివాళ్లు లేరు.

ఒక ఏడు వరదకు జనన నమోదు పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. కొండ ఊళ్లన్నిటి పుట్టుకలూ కంప్యూటర్‌లోని ఒకే ఫైలులో మిగిలాయి. రోజూ సాయంత్రం ఆరింటికి దాన్ని టేపు మీదికి నకలు తీసేవాళ్లం. వారానికి ఏడు టేపులు. బుధవారం టేపు మీద మళ్లీ బుధవారమే రాస్తాం, పాతది చెరిగిపోతుంది.

నన్ను పెంచిన పెద్దమ్మ కాసిమీరా ఇంటికి కొత్త గడ్డికప్పు వేయడానికి వారం సెలవు పెట్టి ఊరెళ్లాను. తిరిగొచ్చిన బుధవారం మధ్యాహ్నం చిట్టా తిరగేస్తే, ఇరవై రెండు నిమిషాలు తిరగాల్సిన టేపు గురువారం నుంచీ తొమ్మిది నిమిషాలకే ఆగుతోంది.

“మిషన్ చురుకెక్కిందయ్యా, సంతోషించు,” అన్నాడు ఇంజనీరు అరాన్సిబియా.

“చురుకెక్కలేదు సార్, ఫైలే చిక్కిపోయింది. సగం ఊళ్లు లేవు దాంట్లో.”

చూశాడు. నిజమే. ఫైలు మొదటి సగం పోయింది. ఆరు టేపుల మీదా ఆ చిక్కిన నకలే ఉంది. పోయిన బుధవారం టేపు ఒక్కటే నిండుగా మిగిలింది, సాయంత్రం ఆరైతే అదీ చెరిగేది. దాన్ని బీరువాలోంచి తీసి చంకలో పెట్టుకున్నాను.

“ఇలా తే. ఉన్న ఫైలు మీదే ఎక్కించేస్తా.”

“వద్దు సార్. వేరే పేరుతో ఎక్కించండి. లెక్క సరిపోయాక పేరు మార్చుకుందాం.”

“ఆరో క్లాసోడివి, నాకు చెప్తావా?”

“మా ఊళ్లో ఏడో క్లాసు లేదు సార్. ఉంటే మీ కుర్చీలో నేనుండేవాణ్ణి.”

నవ్వలేదు గాని, వేరే పేరే కొట్టాడు.

పదమూడో నిమిషం చివర్లో టేపు ఆగింది. టేపు చదివే మిషన్ తల తుడిచి మూడుసార్లు పెట్టాం. మూడుసార్లూ అక్కడే ఆగింది. ఆపై భాగం చదవడం లేదు. పాత ఫైలు మీద ఎక్కించి ఉంటే కంప్యూటర్‌లో ఉన్న రెండో సగమూ చెరిగిపోయేది. రెండు ముక్కలూ కలిపి నలభై ఒక్క వేల పుట్టుకలు నిలబెట్టాం. ఆ మాట నాదేనని అరాన్సిబియా ఎక్కడా రాయలేదు.

రెండు ముక్కల నడుమ ఒక ఊరు మాత్రం ఎందులోనూ లేదు. తుస్కాపాంపా. అరవై ఒక్క మంది. మా ఊరు.

నమోదు అధికారి కొత్త పత్రాలిస్తే, పట్టుకుని ఊరెళ్లాను. ప్రతి మనిషి పుట్టుకకూ వయసులో తనకంటే పెద్దవాళ్లు ఒకరు సాక్షిగా వేలిముద్ర వేయాలి. ఊళ్లో అందరికంటే పెద్దది పెద్దమ్మే, ఎనభై ఎనిమిదేళ్లు. అరవై మందికీ తనే వేసింది.

“ఆ ఎవుస్తాకియో పుట్టినప్పుడు వాళ్లమ్మ అరుపులకు లామాలు కట్లు తెంచుకున్నాయి. రాసుకో,” అంది.

“అలా రాయకూడదు పెద్దమ్మా.”

“మరి నాకెవరు వేస్తారురా?”

తనకంటే పెద్దవాళ్లు ఊళ్లో లేరు. తన పత్రం ఖాళీగానే వెళ్లింది.

నెల తిరక్కుండా నా పేర ఉత్తరం వచ్చింది, దాన్ని పట్టుకుని మళ్లీ ఊరెళ్లాను. సాక్షి కాసిమీరా పుట్టినట్టు ఎక్కడా నమోదు లేదు, కనుక ఆమె సాక్ష్యమూ చెల్లదు, అరవై పత్రాలూ రద్దు అని ఉంది. కింద రబ్బరు ముద్ర.

వాకిట్లో ఊరంతా నిలబడి ఉంది. పెద్దమ్మ పొయ్యి దగ్గర్నుంచి అడిగింది.

“ఏమంటున్నార్రా?”

“ఇంకా చూస్తున్నారట,” అన్నాను.

“చూడనీ. నేనెక్కడికి పోతాను,” అంటూ దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. అది ఆగేదాకా వాకిట్లో ఎవరూ కదల్లేదు.