రెండు వేళ్ల పాస్‌వర్డ్

నేనొకసారి ముప్పై లక్షల మంది పసిపిల్లల ప్రాణాల మీదికి తెచ్చాను. కంగారు పడి పోలీసులకు ఫోన్ చేయకండి, రొయ్యపిల్లలు! అయినా ప్రాణం ప్రాణమే కదా. పైగా ఆ ఘనకార్యం సముద్రంలో దిగి చేసింది కాదు. ఏసీ గదిలో కాఫీ తాగుతూ, మౌసు నొక్కి చేశాను.

అప్పటికి నా కంప్యూటర్ డిగ్రీ వయసు ఆర్నెల్లు. విడవలూరు అవతల, పెన్న సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఒక హేచరీలో ఉద్యోగం. సముద్రపు నీళ్లు పైపుతో లాగి, ట్యాంకుల్లో రొయ్యపిల్లల్ని పెంచి, చెరువుల రైతులకు అమ్ముతారు. ఆఫీసులో నాలుగు కంప్యూటర్లు, వాడేవాళ్లు పదిమంది. ఒకరోజు ఓనరు గారు హఠాత్తుగా వచ్చేసరికి ఒకదాంట్లో క్రికెట్, ఒకదాంట్లో సీరియల్, ఇంకోదాంట్లో ఎవరి మేనల్లుడికో పెళ్లి సంబంధాలు.

"అబ్బయా, పనికొచ్చేవి తప్ప అన్నీ మూసెయ్. ఎవురేం చూసినారో రోజూ సాయంత్రం నాకు లిస్టు పంపించు," అన్నారాయన.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డిగ్రీవాడు హద్దెరగడు. లోకంలోని సైట్లన్నీ మూసేసి, ఎవరికేం కావాలో రాసిస్తే అవి మాత్రం తెరుస్తానని నోటీసు అంటించాను. అకౌంటెంటు రమణయ్య గారు బ్యాంకు, పన్నులు, కరెంటు బిల్లు అని రాసిచ్చి, "పొద్దున్నే నేను తెరిచి చూపించే పేజీ ఇంకోటి ఉండాది. అది మస్తానమ్మది. ఆమెను అడుగు," అన్నారు.

"మస్తానమ్మక్కకు ఇంటర్నెట్టా!" అని పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మస్తానమ్మక్క ట్యాంకుల దగ్గర పెద్ద. చేపల వేట మీద బతికే ఇంటి మనిషి. అంకెలు తప్ప అక్షరం రాదు. ఆమె పని పిల్లల్ని లెక్కపెట్టడం. తెల్లగిన్నెలో నీళ్లతో ముంచితే, వెంట్రుక ముక్కల్లా ఉన్న పిల్లలు ఒక్క క్షణం నిలవకుండా గిలగిలా తిరుగుతుంటాయి. ఆమె ఒక్క చూపు చూసి సంఖ్య చెప్పేస్తుంది. చేరిన కొత్తలో నేను నమ్మలేదు. "నూట పన్నెండు," అందామె. చెంచాతో ఒక్కొక్కటే తీస్తూ పావుగంట లెక్కపెట్టాను. నూట పది. నేను గెలిచానని ఎగిరేలోపు, "చెంచా వెనక రెండు అతుక్కోనుండాయి చూడు," అంది. ఉన్నాయి!

సరే, తాళాలు పడ్డాయి. నా కంప్యూటర్‌కు మాత్రం వేసుకోలేదు. తాళాలు చేసేవాడు తన ఇంటికే తాళం వేసుకుంటాడా? మర్నాడు మస్తానమ్మక్క నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"అబ్బయా, నా పేజీ రావడంలా. పిల్లలకు నీళ్లు..."

"అక్కా, నీళ్లు ట్యాంకుల్లో ఉంటాయి, ఇంటర్నెట్‌లో ఉండవు. పోయి పని చూసుకో."

ఆమె నన్నొక్క క్షణం చూసి వెళ్లిపోయింది. గిన్నెలో పిల్లను చూసినట్టే చూసింది.

ఆ మర్నాటి సాయంత్రం లిస్టు తీసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పొద్దున ఆరింటికి ఎవరో మూసిన పేజీ తెరిచారు. ఎవరి కంప్యూటర్‌లో? నా కంప్యూటర్‌లో! ఏం పేజీ? ఎగువ డ్యాములో నీళ్లెన్ని ఉన్నాయో, ఎన్ని వదులుతున్నారో చెప్పే పేజీ. ఆరింటికి నేను మంచం మీద ఉన్నాను.

ఇంకేముంది, ఎవడో దుర్మార్గుడు డ్యాము పేల్చడానికి నా పేరు వాడుకుంటున్నాడని నిర్ణయించేశాను. ఆ లైను తీసేసి లిస్టు పంపి, పాస్‌వర్డ్ మార్చాను. మర్నాడు మళ్లీ ఆరింటికి అదే పేజీ. ఈసారి అంకెలు, గుర్తులు కలిపి పద్నాలుగు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టాను. మళ్లీ అంతే. ఇంటి దొంగను ఈశ్వరుడే పట్టలేనప్పుడు డిగ్రీవాడెంత? ఆఫీసు తలుపు తీసేది మస్తానమ్మక్కే కాబట్టి, ఆమె రోజూ పదింటికి పిల్లల లెక్క చీటీ తెచ్చినప్పుడు మెల్లగా అడిగాను.

"అక్కా, పొద్దున ఆరింటికి ఆఫీసులోకి ఎవరైనా వస్తున్నారా?"

"నేను తప్ప ఎవురూ రారబ్బయా."

హమ్మయ్య, అయితే మనవాళ్లు కాదు, ఎవడో చైనావాడే అని ఊపిరి పీల్చుకున్నాను. చూశారా నా తెలివి!

మరో మూడు రోజులకు ఓనరు గారు పైపు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చారు. "సముద్రం ఎర్రగా తిరిగిపోయింది! పెన్న వరద వచ్చుండాది. పైపు కాడ నీళ్లలో ఉప్పే లేదు. ఈ నీళ్లు పట్టినామంటే పిల్లలన్నీ పోతాయి, పట్టకపోతే రేపటికి నీళ్లే ఉండవు! డ్యాము గేట్లెత్తినారని ఎవురూ చూళ్లేదా?"

"రోజూ మస్తానమ్మ చూసేది సార్," అన్నారు రమణయ్య గారు నెమ్మదిగా. "ఆ పేజీ మనోడు మూసేసినాడు గదా."

అందరూ నావైపు తిరిగారు. ముప్పై లక్షల పిల్లలు, ఆ పిల్లల కోసం చెరువులు సిద్ధం చేసుకుని కూర్చున్న రైతులు, నా ఉద్యోగం, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి. ఓనరు గారి వెనకే ట్యాంకుల వైపు పరుగెత్తాను.

అక్కడ నిల్వ ట్యాంకులు నాలుగూ అంచుల దాకా నిండి ఉన్నాయి. అద్దంలాంటి ఉప్పునీళ్లు, పైన సగం దాకా టార్పాలిన్ పట్టాలు కప్పి ఉన్నాయి. పక్కన మస్తానమ్మక్క తాపీగా గిన్నెలో పిల్లల్ని లెక్కపెడుతోంది.

"ఎవురు నింపమన్నారు?" అన్నారు ఓనరు గారు.

"నేనే నింపించినా సార్. మొన్న పొద్దున గేట్లెత్తినారు గదా. ఎర్రనీళ్లు మన కాడికి వచ్చేలోపలే పట్టించేసినా. ఈ నీళ్లు వారం దినాలకు సరిపోతాయి."

"పేజీ మూసేసినాడన్నారే!"

"ఈ అబ్బయ్య మిషన్లో చూసినా. పేజీ ఎట్ట తెరవాల్నో రమణయ్య సారు తెరిచేటప్పుడు చూసి నేర్చుకున్నా. పాపం, ఆయనకు పని ఉంటాదని పొద్దున్నే వచ్చి చూసి పోతా ఉండా."

నేను నోరు వెళ్లబెట్టాను. "అక్కా! పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదే! రెండుసార్లు మార్చానే! నీకు అక్షరాలు కూడా రావే!"

"అచ్చరాలెందుకబ్బయా? నేను చీటీ తెచ్చినప్పుడల్లా నా ముందరే కొడతావు గదా. ఏ మీట మీద ఏ వేలు పడిందో చూసినా." ఆమె గిన్నెలోంచి తల కూడా ఎత్తలేదు. "ఈ గిన్నెలో ఈదే పిల్లల్ని లెక్కపెట్టేదాన్ని. నీవు కొట్టేది రెండు వేళ్లతోనే గదా!"

ఓనరు గారు నవ్వారు, రమణయ్య గారు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చేతులెత్తి మొక్కాలనిపించింది. పద్నాలుగు అక్షరాలు, ఒక్కసారి చూసి! నేను ఆమె మాట పూర్తిగా వినను కూడా వినలేదు. ఆమె నా తాళం తీసి, పిల్లల్నీ కాపాడింది, నా ఉద్యోగాన్నీ కాపాడింది.

"ఇకమీదట ఏది మూయాలన్నా మస్తానమ్మను అడిగి మూయి," అని తీర్పు చెప్పారు ఓనరు గారు.

మర్నాడు ఆమె చీటీతో వచ్చినప్పుడు, ఏదో పట్టుదలకొద్దీ, చేతుల మీద తువ్వాలు కప్పుకుని కొత్త పాస్‌వర్డ్ కొట్టాను. ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"మోచేతులు కనపడతా ఉండాయబ్బయా."

ఆ క్షణాన, ముప్పై లక్షల రొయ్యపిల్లల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఎవరికి ఏ పేజీతో ఏం పనో చివరిదాకా వినకుండా ఈ జన్మలో దేనికీ తాళం వేయను. వేయక తప్పకపోతే, తువ్వాలు కాదు, దుప్పటి కప్పుకుంటాను.