చారు చల్లారేలోపు

నా చదువంతా కరెంటు కోతల పుణ్యం. పుత్తూరులో మా ఇంటి వసారాలో రెండు మరమగ్గాలున్నాయి. కరెంటు ఉన్నంతసేపూ వాటి చప్పుడులో పక్క మనిషి మాట వినబడదు. కరెంటు పోగానే వీధి వీధంతా ఒక్కసారిగా సద్దుమణిగిపోతుంది. అప్పుడు మిగతావాళ్ళు టీ అంగడికి పోతారు, నేను లైబ్రరీకి పోతాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, అక్కడి బీరువాల్లో కొండల గురించి ఉన్న పుస్తకాలన్నీ చదివేశాను. మంచుకొండలు ఎక్కినవాళ్ళ అనుభవాలు, అడవులు కొలిచినవాళ్ళ కథలు, మా జిల్లా గురించి పాతకాలంలో ఎవరో రాసిన లావుపాటి పుస్తకం. దాని అట్ట ఊడిపోతే నేనే ఇంటి నుంచి నూలు తెచ్చి కుట్టాను. చదివింది చదివినట్టు రాత్రి అన్నాల దగ్గర చెప్పేవాణ్ణి. నా భార్య వినేది. మా అక్క విన్నట్టు కనిపించేది కాదు.

ఒకనాడు నా భార్య కంచంలో చెయ్యి ఆపింది.

"పుస్తకాల్లో ఎన్నాళ్ళెక్కుతావు సామీ? మిద్దెక్కితే ఎదురుగా కొండ కనపడ్తా ఉండాది. ఒక్కసారన్నా తీసకపో."

అలా మొదలైంది. నాగలాపురం వైపు కొండలు, మూడు రోజుల నడక, రెండు రాత్రులు పైనే. తిరుపతిలో సెల్‌ఫోన్ల అంగడిలో పనిచేసే మా బామ్మర్ది కూడా వస్తానన్నాడు. వానలు ఆగి మడుగుల్లో నీళ్ళు ఇంకా మిగిలి ఉండే మాఘమాసం మంచిదని పుస్తకాల సాయంతో నేను తేల్చాను. శుక్రవారం ఇంటి ఆడమనిషి గడప దాటకూడదని అక్క అంటే శనివారానికి మార్చాం. అడవి ఆఫీసులో అనుమతి తీసుకున్నాం. కొండ కింది ఊరి మనిషి ఒకాయన మొదటి మడుగు దాకా దారి చూపించి వెనక్కి వచ్చేస్తాడు. అక్కడి నుంచి మేం ముగ్గురమే. ఫోన్లు పనిచేయవు.

అనుమతి చేతికొచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఎలుగుబంటి గురించి, పాము గురించి, వంక ఉన్నట్టుండి పొంగితే ఏ గట్టు ఎక్కాలో, అన్నిటికీ పుస్తకాల్లో ఉపాయాలున్నాయి. అన్నీ నాకు నోటికి వచ్చు. కానీ ఏ దేశపు కొండ గురించి రాసినవాడైనా ఒక్క మాట మాత్రం తప్పకుండా చెప్పాడు. నువ్వు పోయే దారి, ఆగే చోట్లు, తిరిగొచ్చే పూట ఇంటి దగ్గర ఒక మనిషికి తెలిసి ఉండాలి. ఆ పూట దాటితే ఏం చేయాలో కూడా ఆ మనిషికి చెప్పి కదలాలి.

మా ఇంట్లో మిగిలే మనిషి అక్క ఒక్కతే.

అక్క నాకన్నా బాగా పెద్దది. నిప్పట్లు, మురుకులు చేసి అమ్ముతుంది. బావ పోయినప్పటి నుంచి మాతోనే ఉంటోంది. ఆ రోజు బావ బండి తీస్తుంటే "యాడికి?" అని అడిగింది అక్కే. బయలుదేరే మనిషిని అలా అడగకూడదని అందరికీ తెలుసు, అయినా అందరూ ఎప్పుడో ఒకసారి అడుగుతూనే ఉంటాం. బావ తిరిగి రాలేదు, నగరి రోడ్డు మీద లారీ. అప్పటి నుంచి అక్క ఇంటి నుంచి కదిలే ఎవరినీ ఏమీ అడగదు. నేను లైబ్రరీకి పోతున్నా సరే, చెప్పులేసుకునే చప్పుడు వినబడితే వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆమె బాధ నాకు తెలుసు. కానీ మా వీధి చివరి మనిషి సంగతి కూడా తెలుసు. చీపురు పుల్లలకని కొండకు పోయి వంకలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎప్పుడూ పోయే పడమటి వాలంతా ఊరు ఊరంతా వెతికింది. ఆయన ఆ రోజు తూర్పుకు పోయాడు. ఇంట్లో చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. మరునాడు మేకలవాళ్ళ కంటబడ్డాడు కాబట్టి బతికాడు.

"నీకు బయమెక్కువ బావా" అన్నాడు బామ్మర్ది, ఫోనులో వీడియోలు చూస్తూ. "కాలిరిగితే ఏముండాది? కట్టు కట్టించుకునేదానికి దేశమంతా మన పుత్తూరుకే కదా వచ్చేది!"

"ఊరికొస్తే కడతారురా. కొండెక్కి వచ్చి కడతారా?"

"ఎదురింటాయనకి చెప్పి పోదాం."

ఎదురింటాయన మంచివాడే. కానీ చీకటి పడ్డాక ఇంకొకరి తలుపు తట్టడానికి మొహమాటపడే మనిషి. తెల్లవారనీ చూద్దాం అంటాడు. ఆత్రం ఉండేది ఇంటి మనిషికే.

ఒక సాయంత్రం ధైర్యం చేశాను.

"అక్కా, సోమవారం పొద్దుగూకేసరికి మేం గానీ రాకపోతే..."

"ష్! నోరు ముయ్యి. సందెపూట తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు."

మరునాడు పొద్దున మళ్ళీ మొదలుపెట్టాను. అక్క చెవులు మూసుకుంది.

"పొద్దున కూడా తిరుగుతారా అక్కా?"

"నీయట్లాంటోళ్ళు ఉండారని రెండు పూట్లా డ్యూటీ జేస్తారు. పో, మగ్గం సూసుకో పో."

కాగితం మీద దారి గీసి, ఆగే చోట్లు రాసి క్యాలెండరు పక్కన అతికించాను. కింద 'ఒకవేళ' అని మొదలుపెట్టి రెండు వాక్యాలు రాశాను. సాయంత్రానికి కాగితం లేదు.

"గోడ మీద అట్లాంటి మాటలు పెడతారా ఎవురన్నా?" అంది అక్క. "మురుకులు పొట్లం కట్టి ఇచ్చేసినా."

"ఎవరికిచ్చినావు?"

"ఎవురో తిరుత్తణి పోయే బస్సులో ఆయమ్మికి."

మాకంటే ముందు మా దారి బస్సెక్కి పోయిందని బామ్మర్ది ఫోనులో పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంట్లో నుంచి నేనూ నా భార్యా ఇద్దరం పోతున్నాం. ఆ వాలు మీద ముగ్గురం కదల్లేక పడి ఉంటే, ఇక్కడ అక్క ఎవరినీ ఏమీ అడగకుండా, ఎవరికీ ఏమీ చెప్పకుండా వాకిట్లో కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ దృశ్యం మగ్గం ముందు కూర్చున్నా కళ్ళ ముందే ఆడేది. పోగులు తెగినా చూసుకోకుండా గుడ్డ పాడు చేశాను.

గురువారం నా భార్యతో చెప్పాను. "ఈసారికి వద్దులే."

ఆమె కొత్త బూట్లు కాలికి అలవాటు కావాలని రోజూ మిద్దె మీద నడిచేది. ఆ సాయంత్రం మిద్దె మీద అడుగుల చప్పుడు లేదు. బూట్లు రెండూ తుడిచి డబ్బాలో పెట్టి మూత వేసింది.

ఆ డబ్బా చూసి అక్కకు ఏమర్థమైందో తెలియదు. శుక్రవారం పొద్దున నేను వంటింట్లోకి పోయేసరికి పెద్ద బాణలి పొయ్యి మీద ఉంది. బియ్యప్పిండిలో కారం, పప్పులు కలిపి, తడిగుడ్డ మీద నిప్పట్లు తడుతోంది.

"ఎన్ని పూట్లకు కట్టాల?" అంది తల ఎత్తకుండా. "ఏది ఎప్పుడు తినాలో చెప్పకుండా కడితే మొదటి పొద్దే అంతా మేసేస్తాడు నీ బామ్మర్ది."

పోవడం లేదని చెప్పబోయాను. ఆ పిండి చేతులు చూసి చెప్పలేకపోయాను.

"రేపు మద్యానానికి చిత్రాన్నం చాలక్కా."

"చెయ్యి కడుక్కునేదానికి నీళ్ళుంటాయా ఆడ?"

"ఉంటాయి. మొదటి మడుగు పక్కనే తినేది. దారి చూపే ఆయనకి కూడా ఒక పొట్లం కట్టు. తిన్నాక ఆయన దిగిపోతాడు."

"సరే. రాత్రికి రాగిరొట్టె. ఎర్రగడ్డ యాసి కాలుస్తా, మెత్తగుంటాది. యాడ కూసోని తింటారు?"

'యాడ' అని అడిగింది అక్కేనా అనుకున్నాను. అక్క చెవులు మూసుకోలేదు. నిప్పట్టును నూనెలోకి జారవిడిచి, నా జవాబు కోసం చూస్తోంది.

"గొర్రెల బండ మీదక్కా" అన్నాను మెల్లగా, పిట్టను బెదరగొట్టకూడదన్నట్టు. "మడుగు నుంచి వంక పట్టుకోని పైకి పోతే కుడిపక్క వస్తాది. పెద్ద బండ. ఆడనే పండుకుంటాం."

"గొర్రెల బండ మీద రొట్టె" అంది అక్క. "తెల్లారి?"

"తెల్లారి మిగిలిన రొట్టె. మద్యానం చపాతీ, సెనక్కాయల ఊరిమిండి. ఈతచెట్ల వంక ఎడమ గట్టు మీద."

"ఊరిమిండి నీళ్ళు తగిలితే సెడిపోతాది. గట్టిగా నూరతాలే. ఆ రాత్రికి?"

"నిప్పట్లు. పైన మొండిగోడలుండాయి, పాతకాలందేదో కట్టడం. దాని కాడ."

అక్క వేళ్ళు మడుస్తూ మొదటి నుంచి చెప్పుకుంది. మడుగు కాడ చిత్రాన్నం, బండ మీద రొట్టె, ఈతచెట్ల కాడ చపాతీ, మొండిగోడల కాడ నిప్పట్లు. ఒక్కటి కూడా తప్పలేదు. నేను పిండి డబ్బా మీద కూర్చున్నాను.

"సోమవారం మద్యానం దిగతా దిగతా ఏదో ఒకటి తింటాం" అన్నాను. "రాత్రికి ఇంట్లోనే. దీపం పెట్టే యాళకి వచ్చేస్తాం. చారు పెట్టు."

"పెడతా."

ఇక మిగిలింది ఒక్కటే.

"చారు చల్లారిపోతే అక్కా?"

అక్క బాణలిలో నిప్పట్లు ఒక్కొక్కటే తిరగేసింది. ఇప్పుడు కసురుతుంది, ఇంతసేపూ కట్టుకున్నదంతా ఈ ఒక్క మాటతో కూలిపోతుంది అనుకున్నాను.

"ఒకసారి ఏడి జేస్తా" అంది.

"మళ్ళీ చల్లారితే?"

"రెండోసారి ఏడి జేసిన చారు కుక్క గూడా తాగదు. ఎదురింటాయన్ని బండి తియ్యమని ఫారెస్టాయన ఇంటికి పోతా. మా చారు చల్లారిపోతా ఉండాది, పద నాయనా అంటా. మడుగు కాణ్ణించి మొండిగోడల దాకా యాడేం తిన్నారో అంతా చెప్తా."

"ఎదురింటాయన తెల్లారి చూద్దామంటే?"

"వాళ్ళ ఆడామె నాకాడ నెలనెలా మురుకులు తీసుకుంటాది. అననిస్తాదా?" అని జల్లిగరిటెతో నిప్పట్లు పైకి తీసింది. "ఇంక సాలు. నూనె కాడ ఇట్లాంటి మాటలొద్దు. లెయ్యి, మగ్గం కింద పోగులుంటాయి, తీసుకరా. పొట్లాలు కట్టాల."

శనివారం తెల్లవారుజామున ఆటో వచ్చింది. నా భార్య బూట్లు వేసుకుంది. సంచి భుజాన వేసుకుంటుంటే నాకు ఎలుగుబంట్లు, వంకలు, జారుడు బండలు అన్నీ తిరిగి గుర్తొచ్చాయి. పుస్తకాల్లో చదివిన ధైర్యం ఇంటి గడప దగ్గరే సగం ఖర్చయిపోయింది. చెప్పులు, బూట్ల చప్పుడు విని అక్క ఎప్పటిలాగే వంటింట్లోకి పోయింది. పోయొస్తామని గడప దగ్గర నుంచే కేకేశాను.

ఆటో కదలబోతుంటే అక్క వాకిట్లోకి వచ్చింది. అలా రావడం బావ పోయాక అదే మొదలు. ముఖంలో నెత్తురు లేదు. ఒక చేత్తో గేటు గట్టిగా పట్టుకుంది.

"ఒరే, రెండో రాత్రి నిప్పట్లు యాడ తింటారని చెప్పినావు?"

బామ్మర్ది నోరు తెరవబోతే నా భార్య వాడి మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"మొండిగోడల కాడక్కా."

"ఆఁ. మొండిగోడల కాడ" అంది అక్క. పెదవులు ఇంకొకసారి అదే మాట చప్పుడు లేకుండా అనుకున్నాయి. "సోమవారం మద్యానమే చింతపండు నానేస్తా. పోయిరాండి."