గోడ దాటిన బంతులు

నేను కానిస్టేబుల్‌గా చేరిన కొత్తలో నన్ను చూసి అందరికంటే ఎక్కువ భయపడింది మా అమ్మే. నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాడు. నేను పుట్టి పెరిగిందంతా పటాన్‌చెరు పక్కన క్వార్టర్స్‌లోనే. ఇంట్లో ఒక తెలుగు, గడప దాటితే ఇంకో తెలుగు. "ఆడపిల్లవి, ఈ ఉద్యోగమేంటే నీకు? పోలీసుల్ని చూస్తే నాకే గుండె దడ. ఇక రోజూ ఇంట్లోనే దడా?" అనేది అమ్మ. నా యూనిఫాం ఉతికితే, పక్కింటివాళ్లకు కనపడకుండా దండెం చివర, దుప్పటి చాటున ఆరేసేది.

అలాంటి నన్ను ఎస్సై గారు ఒకరోజు పిలిచి, "కాజీపల్లి దిక్కు సర్కారు బడి ఉన్నది కదా, నెలకోసారి పోయి పిల్లలతోని మాట్లాడు. మనమంటే వాళ్లకు భయం పోవాలె, గంతే" అన్నారు.

"నేనా సార్?"

"నీ మొహం జెర నవ్వుతున్నట్టుంటది. మేం పోతే పిల్లలు ఉరుకుతరు."

నేను వెళ్లినా ఉరికారు. మా పోలీసు జీపు బడి గేటులోకి తిరగడమే ఆలస్యం, ఆడుకుంటున్న మైదానం ఖాళీ అయిపోయింది. ఒక చిన్నపిల్ల నీళ్ల ట్యాంకు వెనక నక్కి, జడ మాత్రం బయటికి వదిలేసింది. హెడ్మిస్ట్రెస్ గారు నొచ్చుకుంటూ ఎదురొచ్చారు. "ఏమనుకోకండి మేడం. అన్నం తినకపోతే పోలీసోళ్లకు పట్టిస్తమని ఇళ్లల్లో చెప్తరు" అని, ఒక్క క్షణం ఆగి, "అల్లరి చేస్తే మేం కూడ అదే చెప్తమనుకోండి" అని నవ్వేశారు.

పెద్ద తరగతుల ఆడపిల్లల్ని వరండాలో కూర్చోబెట్టారు. నేను రాత్రంతా రాసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. ఫోన్లు, అపరిచితులు, షేర్ ఆటోల్లో జాగ్రత్తలు. ఎవరూ కదల్లేదు, దగ్గలేదు. అంత క్రమశిక్షణ నేను శిక్షణ కేంద్రంలో కూడా చూడలేదు. నా గొంతు నాకే విసుగనిపించింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇగ మీరే ఏమన్న అడుగుండ్రి" అన్నాను.

చివరికి వెనక వరసలోంచి బాగా పొడుగ్గా ఉన్న ఎనిమిదో తరగతి అమ్మాయి లేచింది.

"మేడం, కంప్లైంట్ పెద్దోళ్లే ఇయ్యాల్నా, మేం కూడ ఇయ్యచ్చా?"

"ఎవరైనా ఇయ్యచ్చు బిడ్డా."

"అయితే రాసుకోండ్రి."

హెడ్మిస్ట్రెస్ గారు "ఏయ్, కూర్చో!" అన్నారు కంగారుగా. ఆ అమ్మాయి కూర్చోలేదు. "మా వాలీబాల్ కొడితే గోడ దాటి కంపెనీల పడతది. అడిగితే ఇస్తలేరు. ఇప్పటిదాంక పడ్డయన్నీ ఆడనే ఉన్నయి. ఇది దొంగతనమా, కాదా?"

అంతవరకూ బొమ్మల్లా కూర్చున్న పిల్లలందరికీ ఒక్కసారి ప్రాణం వచ్చింది. "నా టెన్నికాయిట్ రింగు కూడ మేడం!" "మా షటిల్ మేడం!" వరండా సంతలా మారిపోయింది. నాకు నవ్వొచ్చింది కానీ ఆ అమ్మాయి మొహంలో నవ్వు లేదు. ఆమె నిజంగానే న్యాయం అడుగుతోంది.

"పదండి, పోయి అడుగుదాం" అన్నాను. హెడ్మిస్ట్రెస్ గారి అనుమతి తీసుకుని, పొడుగమ్మాయిని, ఆమె స్నేహితురాళ్లు కొందరిని వెంటబెట్టుకుని బయల్దేరాను.

బడి గోడను ఆనుకునే మందుల కంపెనీ. గేటు మాత్రం అటువైపు రోడ్డు మీద. సెక్యూరిటీ గదిలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుతున్న పెద్దాయన నన్ను చూడగానే డబ్బా పక్కన పడేసి నిటారుగా నిలబడ్డాడు.

"నేనేం చెయ్యలే మేడం. పొద్దుగాల కెల్లి డ్యూటీలనే ఉన్న."

పొడుగమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టి లాగింది. "మేడం, జెర మెల్లగ అడుగుండ్రి. తాత భయపడ్డడు."

నేను అప్పటికింకా నోరే తెరవలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, గది ముందున్న సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాను. "తాతా, ముందు నువ్వు తిను. మేం బాళ్ల కోసమొచ్చినం, నీ కోసం కాదు."

ఆయన మొహంలో రక్తం తిరిగొచ్చింది. "బాళ్లా! అన్నీ నా దగ్గరనే పదిలంగ ఉన్నయి మేడం. ఊడ్చేటోళ్లు చెత్తల ఏస్తుంటె నేనే ఏరి దాచిన. బయటికి పంపాల్నంటే సేఫ్టీ సార్ చెప్పాలె. లోపలి వస్తువు ఏదైనా గంతే రూలు."

తాత లోపలికి కబురు పెడితే సేఫ్టీ ఆఫీసర్ హెల్మెట్‌తోనే వచ్చాడు. నేను ఊహించినంత కఠినుడేం కాదు. "బాల్ ఇయ్యడానికి మాకేం పరేషాన్ లేదు మేడం. గోడ అవతలనే సాల్వెంట్ కెమికల్ డ్రమ్ములు ఉంటయి. మొన్న ఒక పిల్ల బాల్ కోసం గోడ ఎక్కింది. జారి అందుల పడితే ఎవరు జవాబు?"

నేను పొడుగమ్మాయి వైపు చూశాను. ఆమె ఆకాశంలోకి చూస్తోంది.

"నువ్వేనా?"

"సగమే ఎక్కిన మేడం."

అందరం నవ్వాం, సెక్యూరిటీ తాత కూడా. ఆ నవ్వు చూసుకుని ఆ అమ్మాయి నేరుగా ఆఫీసర్‌తోనే బేరం పెట్టింది. "సార్, ఏరోజు బాల్ ఆరోజు ఇచ్చేస్తే మేం గోడ ముట్టుకోం."

ఆయన ఒప్పుకున్నాడు. గోదాముల్లోకి పావురాలు రాకుండా కట్టించిన వల కొంత మిగిలిందని, దాన్ని గోడ మీద కట్టిస్తానని, అప్పటిదాకా పడిన బంతిని సాయంత్రానికల్లా గేటు దగ్గర ఇప్పిస్తానని అన్నాడు. తాత అప్పటికే లోపలినుంచి గోనెసంచి ఈడ్చుకొచ్చాడు.

వాలీబాళ్లు, టెన్నిస్ బంతులు, రింగులు, ఈకలూడిన షటిళ్లు, అడుగున ఒంటి చెప్పు. "ఇది నాది! ఆరో తరగతిల పోయింది!" అని ఒక పిల్ల దాన్ని లాక్కుని అక్కడే తొడుక్కోబోయింది. వేళ్లు మాత్రమే పట్టాయి. అయినా సంచిలో తిరిగి వెయ్యలేదు, బడిదాకా చేత్తో పట్టుకునే వచ్చింది.

మేం సంచితో గేటులోకి వచ్చేసరికి, పొద్దున నన్ను చూసి పారిపోయిన పిల్లలంతా ఎదురొచ్చారు. ఆట మొదలుపెట్టాల్సింది నేనేనని పట్టుబట్టారు. నేను వాలీబాల్ ఆడి ఎన్నేళ్లయిందో. అయినా బూట్లతోనే గీత మీద నిలబడి, బలమంతా పెట్టి కొట్టాను. బంతి నెట్ దాటింది, చెట్టు దాటింది, గోడ కూడా దాటి కంపెనీలో పడింది.

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, బడి బడంతా పడీ పడీ నవ్వింది. హెడ్మిస్ట్రెస్ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంతలో గోడ అవతలినుంచి తాత కేక వినిపించింది. "ఎవల్రా గంత గట్టిగ కొట్టింది?"

"పోలీస్ మేడం, తాతా!"

తర్వాత బంతి గోడ మీదుగా మర్యాదగా, మెల్లగా వచ్చి పడింది.

వల కట్టారు. నేను నెలనెలా వెళ్లాను. ఉపన్యాసం కాగితం మళ్లీ తీసింది లేదు. ఆట అయ్యాక నెట్ కింద కూర్చునేవాళ్లం. కంపెనీ బస్సు స్టాపు దగ్గర బండ్ల మీద తిరుగుతూ ఏడిపించేవాళ్ల సంగతి నేను అడగకుండానే పిల్లలు చెప్పారు. మేము అక్కడ సాయంత్రాలు గస్తీ పెట్టాం. అందరూ మాట్లాడేవాళ్లు, ఒక్కమ్మాయి తప్ప. ఆ అమ్మాయి వాళ్ల కుటుంబం ఒడిశా నుంచి వచ్చింది. తెలుగు అర్థమయ్యేది కానీ, పలుకు తేడాగా ఉందని ఎవరో వెక్కిరించారట. అప్పటినుంచి క్లాసులో నోరెత్తడం మానేసింది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం నేను స్టేషన్‌లో ఉండగా గేటు దగ్గర గొడవలాంటిది వినిపించింది. సెంట్రీ "ఏం పని? బడి లేదా మీకు?" అంటున్నాడు. "మా మేడంతోని పని" అంటోంది తెలిసిన గొంతు.

బయటికి వెళ్లి చూస్తే పొడుగమ్మాయి, ఒడియా అమ్మాయి, మధ్యలో వాళ్ల చేతులు పట్టుకుని ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిన మూడు నాలుగేళ్ల పాప. అన్నం బెల్లు కొట్టినప్పుడు బడి గేటు ముందు ఒంటరిగా ఏడుస్తూ కనబడిందట. బడిలో చెప్పి, నేరుగా నా దగ్గరికే తీసుకొచ్చారు.

"దీని మాట మాకెవ్వరికి తెలుస్తలేదు మేడం. ఈమెకే తెలుస్తున్నది" అంది పొడుగమ్మాయి.

ఒడియా అమ్మాయి పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా ఏదో అడిగింది. పాప వెక్కుతూ జవాబిచ్చింది. మళ్లీ అడిగింది. పాప చేత్తో పెద్ద గుండ్రం చుట్టి చూపించింది. అప్పుడు ఆ అమ్మాయి నా వైపు తిరిగి, నాతో మొదటిసారి మాట్లాడింది. "నీలం ట్యాంకు ఉన్న కిరాయి గదులు మేడం. అమ్మ పండుకుంటే ఇది కుక్కపిల్ల ఎనక పోయింది."

నైట్ షిఫ్ట్ చేసిన తల్లి పగలు నిద్రపోతోందన్నమాట. ముగ్గురినీ బండెక్కించుకుని బయల్దేరాను. గడ్డపోతారం వైపు తిరిగిన సందులో నీలం ట్యాంకు దొరికింది. గదుల ముందు ఒకావిడ చెప్పుల్లేకుండా, జుట్టు విరబోసుకుని ఇంటింటా అడుగుతోంది. పోలీసు బండి చూడగానే ఉన్నచోటే కొయ్యబారిపోయింది. బండి లోపలున్న పాప ఆమెకు కనపడలేదు. నేను దిగేలోపే ఒడియా అమ్మాయి దూకి, పరుగెత్తి, వాళ్ల భాషలో ఒకే మాట అరిచింది. ఆ తల్లి అక్కడే నేల మీద కూలబడి, ఏడుస్తూ నవ్వుతూ చేతులు చాపింది. పాప వెళ్లి ఆ ఒళ్లో పడింది.

ఆవిడ మమ్మల్ని ఊరికే పోనివ్వలేదు. ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి కలిపిన మరమరాలు పెద్ద గిన్నెతో తెచ్చింది. బండి బానెట్ మీద పెట్టుకుని మా డ్రైవర్‌తో సహా అందరం తిన్నాం. ఆవనూనె ఘాటుకు పొడుగమ్మాయి కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా గుప్పిట ఆగలేదు.

పిల్లల్ని బడి దగ్గర దింపేసరికి హెడ్మిస్ట్రెస్ గారు గేటు బయటే నిలబడి ఉన్నారు. "ఏమైందే? పాప ఇల్లు దొరికిందా?" అన్నారు ఆదుర్దాగా. పొడుగమ్మాయి నోరు తెరవబోయి, పక్కకు చూసి ఆగిపోయింది. ఒడియా అమ్మాయి అప్పటికే చెప్పడం మొదలుపెట్టింది. సగం తెలుగు, సగం తన మాట, చేతులతో ట్యాంకు, కుక్కపిల్ల. లోపలినుంచి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. ఎవరూ వెక్కిరించలేదు. "తర్వాత?" అని ఎవరో తొందరపెట్టారు. డ్రైవర్ "పోదామా మేడం?" అన్నాడు. నేనూ ఉండి అంతా విన్నాను.