గంగారాం తరఫు వకీలు బోనెక్కిన రోజు

1992లో నేను బోధన్‌లో వకీలుని. కోటగిరి వైపు చెరకు కొట్టే కూలీ గంగారాం అప్పుడు బావి మోటారు దొంగతనం కేసులో రిమాండు ఖైదీ. వాయిదాకు తెచ్చినప్పుడల్లా ఎస్కార్టు పోలీసులు తనకు బేడీలు వేసి బజారు వెంట నడిపించారని వాళ్ల మీద నష్టపరిహారం దావా వేశాడు. జడ్జి ఉత్తర్వు లేకుండా అలా వేయకూడదు. అయితే స్టేషన్‌తో పని పడని వకీలు ఊళ్లో ఎవరున్నారు? అందరూ తప్పించుకుంటే తానే వాదించుకుంటున్నాడు.

ఒకరోజు కోర్టు వరండాలో నన్ను ఆపాడు.

"పైసలకు కాదు సార్. మా అవ్వ గదే అంగట్ల కూరగాయలమ్ముతది. నన్ను గుంజుకపోతుంటే సూసింది. అప్పటి సంది బజార్లకస్తలేదు. చేసింది తప్పని కోర్టు చెప్తే చాలు."

పక్కనున్న కానిస్టేబుల్ నా ముఖంలోకే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. తన తరఫున వాదించమని కక్షిదారు రాసిచ్చే వకాలత్‌నామా మీద అక్కడే సంతకం చేయించుకున్నాను.

పోలీసుల జవాబు ఒక్కటే: బేడీలు వేయనే లేదు. వరండా మెట్ల దగ్గరే విప్పేసేవారు కాబట్టి జడ్జి ఎన్నడూ చూడలేదు. కొడుకు కోసం తల్లి చెప్పే సాక్ష్యం ఒక్కటే నిలవదు. దుకాణాల వాళ్లను బతిమాలాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. సాక్షి లేకపోతే వచ్చే వాయిదాకు దావా కొట్టేస్తారు.

"మీరు సూడలేదా సార్?" అన్నాడు గంగారాం.

చూశాను. వకీళ్లం కూర్చునే గది కిటికీ ఆ మెట్ల మీదికే ఉంటుంది. కానీ సాక్ష్యం చెప్పే వకీలు అదే కేసులో వాదించకూడదు.

"నేను బోనెక్కితే నీకు మళ్లీ వకీలుండడు."

"వకీలు లేకున్నా నేనే మాట్లాడుకుంట. సూసినోడు లేకుంటే ఏం జెయ్యాలె సార్?"

వకాలత్ వదులుకుని, మెడకున్న తెల్ల బ్యాండ్స్ తీసేసి బోనెక్కాను. హాలు నిండిపోయింది. ఎస్కార్టు వాళ్లు గుమ్మంలో నిలబడ్డారు. సాక్షిని పిలిచిన పక్షం అడిగే ప్రశ్నలను చీఫ్ అంటాం. నన్ను చీఫ్ చేసింది గంగారామే.

"మెట్ల కాడ నా చేతులకు ఏముండె సార్?"

"బేడీలు."

"ఎవలు ఇప్పిండ్రు?"

గుమ్మం వైపు చెయ్యి చూపించాను. "ఆ ఇద్దరు." పోలీసుల తరఫున ప్రభుత్వ వకీలు క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నల్లో, నాకు చెమటలు పట్టించాడు. నేను మాట మార్చలేదు.

గంగారాం గెలిచాడు. స్టేషన్ వైపు నుంచి నాకు వచ్చే కేసులు ఆగిపోయాయి. పోతే పోనీ అనుకున్నాను. వకీలు కావాలని వచ్చిన మనిషికి వకీలుగా నేను ఏమీ చేయలేకపోయాను. చూసినవాణ్ణిగా చేయగలిగాను. ఇప్పటికీ కొత్త కక్షిదారు ఎదురుగా కూర్చుంటే, ఈయనకు నాలో ఎవరు కావాలి అని ముందు ఆలోచిస్తాను.