సీసపు గొట్టం ముందు విక్టోరియా

నరసరాజుగారి చేతి మీద విక్టోరియా ఫెడీమని ఒక్కటి వేసింది. టీ గ్లాసుల స్టాండు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఎదురు టీ బడ్డీ మంగతాయారు కళ్ళారా చూసింది కాబట్టి ఇందులో అబద్ధానికి చోటు లేదు. అరవై ఎకరాల చేపల చెరువులున్న మనిషిని, సీసాలు కడుక్కుని బతికే మనిషి కొట్టింది. రెండు వేల నాలుగు వేసవిలో, కైకలూరులో, పాత ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు గదుల్లో పెట్టిన నీళ్ళ పరీక్ష ల్యాబులో జరిగిందిది.

ఆ రోజు తెల్లవారేసరికి రాజుగారి చెరువులో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. నీళ్ళలో గాలి ఎంతుందో తేల్చుకుందామని ఆయనే స్వయంగా సీసాల్లో నీళ్ళు పట్టించుకొచ్చాడు. రిజల్టు ఆలస్యమవుతుంటే తూకం బల్ల మీద కాగితం పరిచి పచ్చిమామిడి ముక్కలు పోసుకున్నాడు. పక్కనే మూత తీసిన చిన్న సీసాలో తెల్లటి పొడి కనపడింది. ఇంకేముంది, ఉప్పనుకుని రెండు వేళ్ళు చాచాడు. దెబ్బ అప్పుడు పడింది.

“ఏంటి, నా మీదే చెయ్యి చేసుకుంటావా? నేనెవరో తెలుసా?”

“తెలుసండి, నరసరాజుగారండి. అందుకే మెల్లిగా కొట్టానండి. వేరేవాళ్ళయితే బల్ల దగ్గర్నుంచి తోసేద్దును.” మాట్లాడుతూనే సీసాకి మూత బిగించింది విక్టోరియా. “అది ఉప్పు కాదండి, సోడియం ఎజైడండి. చిటికెడు కడుపులోకెళ్తే బీపీ పడిపోయి ఊపిరాడదండి. విరుగుడు లేదండి దానికి. కారులో ఏలూరు పరిగెత్తించినా డాక్టరుగారు సెలైను పెట్టి మీ మొహం చూస్తూ కూర్చోవాలంతే.”

“ఈ బుల్లి సీసాయా నన్ను చంపేది? మా చెరువు గట్టు మీద పురుగుమందు డబ్బాలు గుట్టలున్నాయి. వాటి పక్కనే కూర్చుని భోంచేస్తాను నేను.”

విక్టోరియా రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెన్ను కూడా మూత తీసి ఇచ్చింది.

“అయితే తినండి. ముందు ఇక్కడ రాయండి. ‘విక్టోరియా వద్దన్నా నా అంతట నేనే అడిగి నంజుకున్నాను’ అని. రేపు మీ ఆడవాళ్ళు నా మీదకి రాకూడదు కదండీ.”

రాజుగారు పెన్ను పట్టుకున్నాడు. రిజిస్టరు వంక చూశాడు, సీసా వంక చూశాడు. ల్యాబు యజమాని మధుబాబు లోపలి గదిలోంచి తొంగి చూసి మళ్ళీ తల లోపలికి లాక్కున్నాడు. కాసేపటికి రాజుగారు పెన్ను కింద పెట్టి, మామిడిముక్కలు పొట్లం కట్టుకుని రోడ్డు దాటి మంగతాయారు బడ్డీకొచ్చాడు. ఆవిడ ఇచ్చిన ఉప్పుని వేలితో కెలికి, “ఇది ఉప్పేనా?” అన్నాడు.

“ఉప్పేనండి. నేను సంతకం పెట్టి ఇమ్మంటారా?” అంది మంగతాయారు. అరవై దాటినా ఆవిడ నోరు మాత్రం ముసలిది కాలేదు.

నిజానికి అంతకు మూడేళ్ళ ముందు, విక్టోరియా ఆ ల్యాబులో చేరిన కొత్తలో, మంగతాయారుకి ఆమె పొడ గిట్టేది కాదు. మంగతాయారు వాళ్ళు ఒకప్పుడు పదెకరాల వరి చేసినవాళ్ళు. రెండో తరగతితో బడి మానేసినా, బడ్డీ పెట్టుకుని టీ అమ్ముకుంటున్నా, ఎవరూ తనని మాటనేందుకు లేదని ఆవిడ లెక్క. అలాంటి మనిషిని మొదటిరోజే గుమ్మంలో ఆపింది విక్టోరియా.

“గ్లాసులు ఈ గడప దాటకూడదండి అక్కగారూ. తాగేవాళ్ళే బయటికొస్తారు.”

“ఏమేవ్, నా గ్లాసులు మీ గడప దాటకూడదా? ఎలాంటి రోజులొచ్చాయి!” అని గయ్యిమంది మంగతాయారు.

విక్టోరియాకి కోపం రాలేదు, పైగా నవ్వొచ్చింది. “మీ గ్లాసులకి మైల లేదండి. మా బల్లకే ఉంది. ఇక్కడ పెట్టిన గ్లాసు నోట పెట్టుకుంటే మీ పేరే చెడిపోతుంది.”

మైలని అలా తిప్పి చెప్పిన మనిషిని అంతకు ముందు చూడలేదు మంగతాయారు. ఆ రోజంతా మూతి ముడుచుకుని, మర్నాడు పొద్దున్నే పిలిచి ఇంకో చెంచా పంచదార ఎక్కువ వేసి టీ ఇచ్చింది.

విక్టోరియాది దెందులూరు. తల్లి మిషను బడిలో ఆయా. ఏడో తరగతి తప్పాక పెళ్ళయింది, ఆమె ఇరవై ఆరో ఏట భర్త కామెర్లతో పోయాడు. ఏలూరులో ఓ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గాజుసామాను కడిగే పనిలో చేరి పద్నాలుగేళ్ళు చేసింది. అక్కడ కృపానందం మాస్టారని ఒక లెక్చరరు ఉండేవాడు. పిల్లలకి చెప్పే పాఠాలు గోడ పక్కన నిలబడి వింటున్న విక్టోరియాని పిలిచి, సీసాలు ఒక్కొక్కటే చూపించి, దేనికి ఏది పడదో చెప్పించుకునేవాడు. తప్పు చెబితే ఆ రోజు ఆ సీసా ముట్టనిచ్చేవాడు కాదు. డిగ్రీ పిల్లలు పరీక్షైపోగానే మర్చిపోయేది, ఆమె చేతి వేళ్ళకి ఎక్కిపోయింది.

ఆమె పని చేస్తుంటే గుమ్మంలో నిలబడి చూడటం మంగతాయారుకి అలవాటైంది. కిటికీలు బార్లా తెరిచేది. గ్లోవ్సు తొడుక్కుని, ముక్కుకి మాస్కు కట్టుకునేది. ఎజైడ్ తీయడానికి స్టీలు చెంచా వాడేది కాదు, ప్లాస్టిక్ చెంచానే. ఇనుమూ ఇత్తడీ దాని దరిదాపులకి రానిచ్చేది కాదు. యాసిడ్ సీసాలు ఆ గోడకి, ఇది ఈ గోడకి. “వీళ్ళిద్దరికీ పడదక్కగారూ. పొడీ యాసిడూ కలిశాయంటే లేచే గాలి పీల్చినవాడు తల పట్టుకుని అక్కడే కూలబడతాడు” అనేది. పనయ్యాక మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని కడుక్కునేది. సీసా బీరువాలో, తాళంచెవి మెళ్ళో నల్లదారానికి.

సీసా మీద పుర్రెబొమ్మ అంటించి ఉండేది. అది చాల్లేదామెకి. పుర్రెని చూసి ఎవరు భయపడతారు, పురుగుమందు డబ్బాల మీద రోజూ చూసేదేగా. కాగితం మీద వెల్లకిలా పడి పొట్ట పైకి తేల్చిన చేప బొమ్మ వేసి దాని పక్కన అతికించింది. కొల్లేటి చుట్టుపక్కల ఆ బొమ్మ అర్థం కానివాడు పుట్టలేదు.

ఆ మందు కొంచెం కలిపిన నీళ్ళతోనే చెరువు సీసాలన్నీ పరీక్ష చేస్తారు. పరీక్షయ్యాక మిగిలిన నీళ్ళని సింకులో పొయ్యకూడదు. నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, నిండాక దాన్ని తీసుకెళ్ళే కంపెనీవాళ్ళకి అప్పజెప్పాలి. విక్టోరియా పెట్టిన పద్ధతది. సీసా ఒక్కటి కూడా తప్పకుండా డ్రమ్ములోకే వంపేది.

కానీ ఆదివారాలు ఆమె చర్చికెళ్ళేది. చెరువులకి ఆదివారం తెలీదు కదా, వేసవిలో ల్యాబు ఆ రోజూ తెరిచే ఉండేది.

రెండు వేల ఏడు మే నెలలో ఒక సోమవారం వచ్చి చూస్తే, రిజిస్టరులో ముందురోజు నలభై రెండు సీసాలున్నాయి. అనుమానమొచ్చి డ్రమ్ము మీద ఆమె ఆ శనివారమే మొదటిసారి గీసిన గీత దగ్గరే ఉన్నాయి నీళ్ళు. మంగతాయారు అప్పుడే పొద్దుటి టీలు తెచ్చింది.

“మధుబాబుగారూ, నిన్నటి నీళ్ళెక్కడికెళ్ళాయండి?”

“సింకులోకి. డ్రమ్ము గది అవతలుంది కదా, ఎవరు మోస్తారు? ఒక్కో సీసాలో ఉండేది చుక్కేగా.”

“ఎన్ని ఆదివారాలండి?”

“నువ్వు చేరినప్పట్నుంచీ అంతే” అన్నాడు మధుబాబు, రిజిస్టరు మూసేస్తూ. విక్టోరియా కింద కూర్చుని సింకు గొట్టానికి చెయ్యి తగలకుండా, గోడలోంచి బయటికొచ్చిన, వాడకంలో లేని అదే రకం పాత గొట్టం ముక్కని గోటితో గీసింది. గీత వెండిలా మెరిసింది. సీసం. ఐసు ఫ్యాక్టరీ కట్టిన రోజుల నాటి గొట్టం.

లేచి వచ్చి గుమ్మంలో మంగతాయారు పక్కన నిలబడింది.

“సీసంతో ఆ ఎజైడ్ కలిసి ఇంకో సరుకు అయిపోతుందక్కగారూ. గొట్టం లోపల పొరకట్టి కూర్చుంటుంది. దానికి అగ్గిపుల్ల అక్కర్లేదు. సుత్తి దెబ్బ చాలు, రంపం గీరినా చాలు, పేలుతుంది. ఆరేళ్ళ ఆదివారాలున్నాయి అందులో.”

ఆ మాట మధుబాబు కూడా విన్నాడు. విని, నవ్వేశాడు.

నాలుగోరోజు సింకు పూడుకుపోయింది. నీళ్ళు బయటికి పొంగాయి. మధ్యాహ్నానికల్లా చిట్టిబాబనే ప్లంబరు సంచీ భుజాన వేసుకుని దిగాడు. ముందు మంగతాయారు దగ్గర టీ తాగి, ఇనపకడ్డీ, హాక్సా రంపం తీసుకుని లోపలికెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఆగిపోయాడు. సింకు ముందు స్టూలు వేసుకుని కూర్చుంది విక్టోరియా.

“లే విక్టోరియా. బయట చెరువులవాళ్ళు ఎదురు చూస్తున్నారు” అన్నాడు మధుబాబు.

“చూడనివ్వండి.”

“ఆరేళ్ళ నుంచి ఏం కాలేదు. ఇవాళేమవుతుంది?”

“ఆరేళ్ళ నుంచి ఎవరూ కొయ్యలేదు కదండీ.”

“నేను ఎమ్మెస్సీ చదివాను. నువ్వు ఏడు తప్పావు.”

“అవునండి. మరి ఎమ్మెస్సీ చదివినాయన మీరే కొయ్యండి. రంపం చిట్టిబాబు చేతిలో ఎందుకండీ? ఇలా తీసుకోండి, స్టూలు మీద నుంచి ఇప్పుడే లేస్తాను.”

మధుబాబు రంపం తీసుకోలేదు. చిట్టిబాబు ఆయన చేతుల వంకే చూశాడు. చూసి, కడ్డీ సంచీలో పెట్టుకున్నాడు.

“నాకిద్దరాడపిల్లలండి బాబూ” అనేసి వెళ్ళిపోయాడు. మంగతాయారు వాడి దగ్గర టీ డబ్బులు తీసుకోలేదు.

మధుబాబుకి ఒళ్ళు మండింది. “రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. తాళంచెవి ఇటు పడెయ్” అన్నాడు, ఊరంతా వినపడేలా.

విక్టోరియా పడెయ్యలేదు. మెళ్ళోంచి దారం తీసి, బీరువా తెరిచి, ఎజైడ్ సీసా తూకం వేయించి, ఎన్ని గ్రాములుందో రిజిస్టరులో రాయించి, ఆయన చేత సంతకం పెట్టించుకుని, అప్పుడు చేతిలో పెట్టింది. ఆరేళ్ళు చేసిన పనికి ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. చెప్పులు వేసుకుని తిన్నగా బస్టాండుకెళ్ళి, రిటైరై తాడేపల్లిగూడెంలో ఉంటున్న కృపానందం మాస్టారి దగ్గరికి పోయింది.

మర్నాడు పదకొండింటికి తిరిగొచ్చి మంగతాయారు బల్ల మీద కూర్చుంది. ఎదురుగానే ల్యాబు. తలుపు తీసే ఉంది.

“మాస్టారు వైజాగ్‌లో తెలిసినవాళ్ళతో మాట్లాడారక్కగారూ. ఇలాంటివి తీసేవాళ్ళున్నారంట. వచ్చే గురువారం వస్తారు. అప్పటిదాకా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకూడదన్నారు. మధుబాబుగారికి కూడా ఫోను చేశారు.”

“ఏమన్నాడు?”

“సరే మాస్టారూ అన్నారండి.”

“వాడి మొహం. ఇందాకే ఫోనులో ఇంకో ప్లంబరుని మాట్లాడాడు, నా ముందే. సీజను పోతోందంట.” మంగతాయారు టీ గుడ్డ పిండి ఎండేసింది. “అయినా నీకెందుకే? నిన్ను బయటికి గెంటినవాడి కొంప, ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. వాడి ఖర్మ.”

“కోసేది ఆయన కాదు కదండీ. కూలికొచ్చిన ఎవరో అమాయకుడు.”

మంగతాయారు స్టవ్వు మంట అనవసరంగా పెంచింది.

“నన్ను ఆ గుమ్మం ఎక్కనివ్వరు. మిమ్మల్ని ఇక్కణ్ణించి ఎవరూ లేపలేరు” అంది విక్టోరియా. “ఏ ప్లంబరైనా మీ టీ తాగకుండా పనిలోకి దిగడండి. గురువారం దాకా చేతిలో సంచీ ఉన్నవాడు ఎవడొచ్చి టీ అడిగినా, టీ ఇవ్వకండి. ముందు వాణ్ణి కూర్చోబెట్టి చెప్పండి. ఆ గొట్టాన్ని కొయ్యొద్దు, కొట్టొద్దు, కడ్డీ దూర్చొద్దు, పూడిక కరగడానికి బాత్రూం యాసిడ్ పొయ్యొద్దు. అన్నీ చెప్పాక, వాడి చేత తిరిగి చెప్పించుకోండి. ఒక్కటి మర్చిపోయినా మళ్ళీ మొదట్నుంచి చెప్పండి. అప్పటికీ వినకుండా రోడ్డు దాటబోతే, ఈ బల్ల తీసుకెళ్ళి ఆ గుమ్మానికి అడ్డంగా వేసుకుని మీరు కూర్చోండక్కగారూ.”